మనోవ్యాధి ఔషధములు: మానదగునా? మానినచో నెట్లు?

మనోవ్యాధికి మందు వాడువారి యింట ఏదో యొకనాడు "ఇక చాలునా?" అను ప్రశ్న తప్పక పుట్టును. ఇది రోగము ముదిరియున్నపుడు పుట్టదు, నెమ్మదించినపుడు పుట్టును. నిద్ర పట్టుచున్నది, అన్నము రుచించుచున్నది, పనిపాటలు సాగుచున్నవి. ఇంకను ప్రతి రాత్రియు ఈ మాత్ర యెందుకని రోగికి తోచును. ఒళ్లు బరువెక్కినదనియో, చేయి వణకుచున్నదనియో, నలుగురిలో పేరు చెడుననియో ఇంటివారికిని తోచును. ఆ తోచుట నోటివెంట రాక, ఒకనాటి మాత్ర దిండుక్రింద దాగుటతో మొదలై, నెల తిరుగునప్పటికి మందు నిలిచిపోవును.

"ఏరు దాటుదాక ఓడ మల్లయ్య, దాటినపిదప బోడి మల్లయ్య" అను సామెతను ఇట్టివారిపై విసరుట సులభము. కాని ఆ సామెత ఇక్కడ సగమే చెల్లును. మందు వాడి కుదుటపడినవారిలో కొందఱు నిజముగా ఏరు దాటినవారు. వారికి ఓడతో పనిలేదు. కొందఱు ఇంకను నడియేటనే యున్నవారు. వారిని తేల్చుచున్నది ఆ ఓడయే. పైకి చూచుటకు ఇరువురును ఒక్కరీతిగనే యుందురు. ఎవరు ఏ స్థితి యందున్నారో తెలిసికొనుటకు నేటి వైద్యశాస్త్రమునందు రక్తపరీక్షగాని, మెదడు ఛాయాచిత్రముగాని లేదు. కావున ఈ నిర్ణయము తొందరలోగాని, రహస్యముగాగాని చేయదగినది కాదు. మందు మానవలెనని కోరుట తప్పు కాదు. చెప్పక, ఒక్కసారిగా మానుటయే పెక్కు కీడులకు మూలము.

మందులు ఇల్లు చేరిన విధము

వెనుకటి కాలమున ఈ ప్రశ్నకు తావు లేకుండెను. ఏలయన గుణమిచ్చు మందే లేకుండెను. మదరాసున 1794లో నెలకొన్న పిచ్చాసుపత్రి 1871లో కీల్పాకునకు మారినది. అదియే నేటి మానసిక ఆరోగ్య సంస్థ. అట్టి ఆసుపత్రులలో చేరిన పలువురు తిరిగి ఇల్లు చేరియుండలేదు.

మన దేశపు మూలికయొకటి మొదట దారి చూపినది. గణనాథ సేన్, కార్తిక చంద్ర బోసు అను వంగ వైద్యులు సర్పగంధి వేరు ఉన్మాదమునందును, రక్తపుపోటునందును ఉపకరించునని 1931లో ప్రకటించిరి. 1952లో ఆ వేరునుండి రెసర్పిన్ అను సారము వేరుచేయబడినది. ఈ లోపల 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ లిథియం లవణము ఉన్మాదవేగమును అణచుటను కనుగొనెను. 1952లో పారిస్ నగరమున డిలే, డెనికర్ అనువారు క్లోర్‌ప్రోమజీన్‌ను మనోవ్యాధులకు వాడి ఫలితములను వెల్లడించిరి. 1957లో స్విట్జర్లాండు వైద్యుడు రోలాండ్ కూన్ ఇమిప్రమీన్ అను మందు తీవ్ర విషాదవ్యాధికి పనిచేయునని తెలిపెను. పది సంవత్సరములు తిరుగకమునుపే మనోవైద్యము రూపు మారిపోయినది.

దక్షిణదేశమున ఈ మార్పును నడిపినవారిలో డాక్టరు శారదా మేనన్ ముఖ్యురాలు. మంగళూరున జన్మించిన ఆమె 1961లో కీల్పాకు ఆసుపత్రికి అధిపతియై, 1984లో మదరాసున స్కిజోఫ్రీనియా పరిశోధన సంస్థను స్థాపించి, 2021లో కీర్తిశేషురాలయినది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో రోగితోబాటు ఇంటివారును ఆసుపత్రియందే యుండి చికిత్సలో పాలుగొను పద్ధతి 1950 దశకముననే నెలకొన్నది. తెలుగువారు తరతరములుగ నివసించుచున్న బళ్లారి జిల్లాలో బెంగళూరి నిమ్హాన్స్ సంస్థ 1985 మొదలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులకు తర్ఫీదునిచ్చి, మనోవ్యాధి మందులను పల్లెలకు చేర్చినది. ఆ బళ్లారి నమూనాయే 1996లో ఆరంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు ఆధారము.

ఇట్లు మందు ఆసుపత్రి గోడ దాటి ఇల్లు చేరినది. దానివెంట మానుట యను ప్రశ్నయు ఇల్లు చేరినది. ఆసుపత్రిలో మాత్ర నిచ్చుట నర్సు పని. ఇంట అది తల్లి పని, భార్య పని, తుదకు రోగి తన పని.

మందు శరీరమున చేయు పని

మనోవ్యాధి ఔషధము నెలలతరబడి వాడినపుడు మెదడు దానికి అలవాటుపడి, తన నడకను దానికి తగినట్లు సవరించుకొనును. మందు హఠాత్తుగా తొలగినచో ఆ సవరణ వెంటనే తొలగదు. ఈ నడిమి కాలముననే బాధలు కలుగును.

మోతాదు తగ్గించుటయందు సామాన్యముగ తోచని విశేషమొకటి కలదు. మోతాదు సగమైనచో మందు ప్రభావమును సగమగునని జనులు తలంతురు. అది నిజము కాదు. విషాదవ్యాధికి వాడు సిటలోప్రామ్ అను మందును ఉదాహరణముగ గైకొనవచ్చును. మెదడులో సెరొటోనిన్ అను రసాయనమును తిరిగి పీల్చుకొను ద్వారములు కలవు. ఈ మందు వానిని మూసివేయును. 20 మిల్లీగ్రాముల మోతాదున ఆ ద్వారములలో నూటికి సుమారు 80 మూతపడును. మోతాదును 10కి దించినను 70కి పైగా మూతపడియే యుండును. 5 మిల్లీగ్రాములతోను ఇంచుమించు 60 మూతపడును. అనగా 20నుండి 10కి వచ్చుట చిన్న మెట్టు. 5నుండి ఏమియు లేని స్థితికి దిగుట మిక్కిలి లోతైన మెట్టు. "చిన్న ముక్కయే కదా, ఇక మానివేయుదము" అను చోటనే పలువురు జాఱిపడుటకు కారణమిది. అందుచేత చివర చివర మఱింత చిన్న మోతాదులతో, మఱింత నెమ్మదిగా దిగవలెనని 2019లో హోరోవిట్జ్, టేలర్ అను వైద్యులు లాన్సెట్ మనోవైద్య పత్రికలో సూచించిరి.

మందులలోను భేదము కలదు. ఫ్లుయోక్సెటీన్ శరీరమున చాల దినములు నిలుచును గనుక మానినప్పటి బాధ తక్కువ. పారోక్సెటీన్, వెన్లాఫాక్సిన్ త్వరగా వెలువడును గనుక బాధ ఎక్కువ. అల్‌ప్రజోలాం, క్లోనజెపాం వంటి నిద్రమాత్రలను చాలకాలము వాడి ఒక్కసారిగా మానినచో మూర్ఛలు వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును. క్లోజపీన్ హఠాత్తుగా నిలిపినచో రోగము తీవ్రముగ విరుచుకొనిపడుటయు కలదు. 48 గంటలకు మించి ఆ మందు తప్పినచో, మరల పాత మోతాదుతో మొదలిడక, వైద్యుని పర్యవేక్షణలో చిన్న మోతాదునుండి ఆరంభింపవలెను.

మానుటవలని బాధ, తిరుగబెట్టిన రోగము

మందు తగ్గించిన పిదప బాధ కలిగినచో అది రోగము తిరుగబెట్టుటయా, మందు మానుటవలని తాత్కాలిక బాధయా అని గుర్తించుట ముఖ్యము. ఈ రెంటిని ఒకటిగా తలచి, జీవితాంతము మందు తప్పదని నిరాశపడినవారు కలరు. తాత్కాలిక బాధయేలే యని ఉపేక్షించి రోగమును ముదురనిచ్చినవారును కలరు.

విషాదవ్యాధి మందు మానుటవలని బాధ సాధారణముగ కొలది దినములలోనే కనబడును. తల తిరుగుట, వికారము, తలలో విద్యుత్తు తగిలినట్టి అదురు, వింత కలలు, అకారణపు చిరాకు దాని లక్షణములు. వీనిలో కొన్ని రోగి యంతకుముందెన్నడు నెఱుగనివి. మందు మరల వేసికొనినచో త్వరలోనే యివి తగ్గును. రోగము తిరుగబెట్టుటయన్న నో, తఱచుగ వారములకో నెలలకో మెల్లగా తలయెత్తును. మొదటిసారి వచ్చినపుడున్న లక్షణములతోనే వచ్చును. కొందఱియందు రెండును కలిసి యుండుట వలన వైద్యునకును నిర్ణయము కష్టమగును. విషాదవ్యాధి మందు మానినవారిలో ముగ్గురిలో ఒకరికి ఏదో యొక బాధ కలుగుననియు, ఉత్తుత్తి మాత్ర మానినవారిలోను ఆరుగురిలో ఒకరు అట్టి బాధనే చెప్పిరనియు, తీవ్రబాధ నూటికి ముగ్గురి కనియు 2024లో ప్రకటింపబడిన ఒక సమీక్ష తేల్చినది. భయము తానే కొంత బాధను కల్పించునని దీనివలన తెలియును. బాధ యంతయు భయమే కాదనియు తెలియును.

పరిశోధనలు చెప్పునది

స్కిజోఫ్రీనియా విషయమున 65 పరీక్షలను, 6,493 మంది రోగులను సమీక్షించి 2012లో ఒక వ్యాసము లాన్సెట్‌లో వెలువడినది. మందు కొనసాగించినవారిలో ఏడాదిలోపల నూటికి 27 మందికి, ఉత్తుత్తి మాత్రకు మారినవారిలో 64 మందికి రోగము తిరుగబెట్టినది. మందు రక్షణ నిచ్చుననుట దీనితో స్పష్టము. మాననివారిలోను కొందఱికి తిరుగబెట్టుట, మానినవారిలో మూడవవంతునకు పైగా ఆ యేడాది కుదురుగా నుండుట కూడ గమనింపదగినవి.

నెదర్లాండ్సులో మొదటిసారి వ్యాధి సోకి కుదుటపడినవారిపై జరిగిన పరిశోధనలో మందు తగ్గించినవారికి తొలుత రెట్టింపుగ తిరుగబెట్టినది. కాని ఏడేండ్ల పిదప లెక్కించి 2013లో ప్రకటించిన ఫలితములలో, పూర్తిగా కోలుకొని పనిపాటలు చేసికొనువారు తగ్గించిన వర్గమున నూటికి 40, కొనసాగించిన వర్గమున 18 మంది యుండిరి. దీనిని చూచి కొందఱు ఉత్సాహపడిరి. 2018లో హాంకాంగునుండి వచ్చిన పదేండ్ల ఫలితము వేఱుగా నున్నది: 178 మందిలో తొలికాలముననే మందు నిలిపినవారిలో నూటికి 39 మందికి, కొనసాగించినవారిలో 21 మందికి చెడు ఫలితము కలిగినది. ఇంగ్లండున 253 మందిపై జరిగి 2023లో వెల్లడియైన పరీక్షలో మోతాదును వైద్యుల కనుసన్నలలో నెమ్మదిగనే తగ్గించిరి. అయినను రెండేండ్లలో తీవ్రముగ తిరుగబెట్టినవారు తగ్గించిన వర్గమున నూటికి 25, కొనసాగించిన వర్గమున 13. సంఘజీవనమున ఇరువర్గములకు భేదము కనబడలేదు. నెమ్మదిగా తగ్గించుట అవసరమే. అది అభయపత్రము మాత్రము కాదు.

విషాదవ్యాధికి సంబంధించి ఇంగ్లండులో 478 మందిపై జరిగిన పరీక్ష 2021లో వెలువడినది. వారందఱు చాలకాలము మందు వాడి, ఆరోగ్యముగ నుండి, ఇక మానదలచినవారే. ఏడాదిలో తిరుగబెట్టినది కొనసాగించినవారిలో నూటికి 39 మందికి, మానినవారిలో 56 మందికి. అనగా మానిన నూర్వురిలో 44 మందికి ఆ యేడాది రోగము తిరుగబెట్టలేదు.

మదరాసున 1981లో ఆరంభమైన దీర్ఘకాల పరిశోధన ఇక్కడ స్మరింపదగినది. తొలిసారి స్కిజోఫ్రీనియా సోకిన 90 మందిని వైద్యులు పదేండ్లకు పైగా వెన్నంటి చూచిరి. వ్యాధి నడక అందఱియందు నొక్కరీతిగ నుండలేదు. ఒకరి అనుభవమును మఱియొకరికి కొలతగా వాడరాదని దాని సారము. "మా పెదనాన్న మానివేసినాడు, ఏమియు కాలేదు" అను మాట విన్నంతనే మాత్రలు పారవేయువారు దీనిని తెలిసికొనదగును.

వ్యాధినిబట్టి కాలపరిమితి

విషాదవ్యాధి మొదటిసారి వచ్చి పూర్తిగా తగ్గినవారు, తగ్గినపిదప 9 మొదలు 12 నెలలు మందు కొనసాగించి, అటుపై మానుటను ఆలోచింపవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. పలుమారులు వచ్చినవారికి మఱింత దీర్ఘకాలము అవసరము. స్కిజోఫ్రీనియా వంటి వ్యాధి తొలిసారి వచ్చి పూర్తిగా శాంతించినచో కనీసము 12 నెలలు వాడవలెను. పిదప నిపుణునితో ఆలోచింపవలెను. ఉన్మాదము, విషాదము మాఱి మాఱి వచ్చు బైపోలార్ వ్యాధియందు దీర్ఘకాలపు మందే సామాన్యనియమము. లిథియంను హఠాత్తుగా మానినవారికి కొలది నెలలలోనే ఉన్మాదము తిరుగబెట్టుట, ఆత్మహత్యాభయము పెరుగుట పరిశోధనలలో పలుమారులు కనబడినవి. మునుపు ప్రాణము తీసికొనయత్నించినవారు, ఇతరులకు హాని చేసినవారు, మానిన ప్రతిసారియు తిరుగబెట్టినవారు మానుట విషయమున అందఱికన్న ఎక్కువగ జాగ్రత్త వహింపవలెను.

పెండ్లి, కానుపు, ఖర్చు

మన కుటుంబములలో మందు మాన్పించు కారణములలో పెండ్లి యొకటి. సంబంధము కుదిరినంతనే "అత్తవారింట మాత్రలు కనబడరాదు" అని పిల్లచేత మందు మాన్పింతురు. పరరాష్ట్రములలో స్థిరపడిన తెలుగువారికి ఇది మఱింత చిక్కు. సంబంధములు దూరముననుండి వచ్చును. బరంపురపు పిల్ల షోలాపురమునకును, యానాము పిల్ల హోసూరునకును కోడలుగా పోవును. వెంట మందుల చీటీ పోదు. ఎఱిగిన వైద్యుడు పోడు. పెండ్లిపనుల అలసట, నిద్రలేమి, క్రొత్త యిల్లు, నిలిచిన మందు నొక్క నెలలో కూడును. రోగము తిరుగబెట్టుటకు ఇంతకన్న అనువైన కాలము లేదు. అపుడు నింద పిల్లపై పడును, మందు మాన్పించినవారిపై పడదు.

చట్టము జనులు తలచునంత కఠినముగ లేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టము, 1976 సవరణ పిదప, వివాహమునకు తగనంతటి మానసిక రుగ్మతను అడ్డుగా చెప్పుచున్నది. మందు వాడుట నడ్డుగా చెప్పలేదు. స్కిజోఫ్రీనియా యను పేరు మాత్రము విడాకులకు చాలదనియు, వ్యాధి తీవ్రతను చూడవలెననియు సుప్రీంకోర్టు 1988లో తీర్పు చెప్పినది. దాచి చేసిన వివాహమే పిమ్మట మోసమను వాదమునకు తావిచ్చును. చెప్పి చేసికొని, మందు కొనసాగించి, సంసారము సాగించుకొనుట యుత్తమము.

గర్భము విషయము వేఱు. వాల్‌ప్రొయేట్ వాడు తల్లులకు పుట్టు శిశువులలో పదింట ఒకరికి అవయవలోపము కలుగును. బుద్ధివికాసమునకును భంగము కలుగవచ్చును. కావున బిడ్డను కోరు స్త్రీ గర్భము దాల్చకముందే వైద్యుని చూచి మందు మార్పించుకొనవలెను. గర్భము తెలిసిననాడు భయపడి అన్నియు మానివేయుటవలన, కానుపు పిదప రోగము విజృంభించి తల్లికిని బిడ్డకును ముప్పు కలుగవచ్చును.

ఒళ్లు పెరుగుట, మధుమేహము, చేతివణకు, మగత, దాంపత్యసుఖలోపము, దీర్ఘకాలమున నాలుకయు దవడయు తమంతట కదలుట నిజమైన బాధలు. రోగి చెప్పినపుడు సాకులని కొట్టివేయరాదు. వీనిలో పెక్కింటికి మందు మార్చుటయో, మోతాదు తగ్గించుటయో చాలును. ఖర్చే కారణమైనచో జిల్లా కార్యక్రమపు ఉచిత మందులు, జన ఔషధి కేంద్రపు చౌక మందులు కలవు. మానుట యను ఒక్క దారి తప్ప వేఱు లేదని తలచుటకు ముందు ఈ దారులను చూడవలెను.

మానదలచినచో

మొదట, మందు వ్రాయు వైద్యునకు ఆ కోరిక దాచక చెప్పవలెను. కోపించునని వెఱచి దాచిన రోగికన్న, చెప్పి వాదించిన రోగికే మేలు. ఆ వైద్యుడు విననిచో రెండవ వైద్యుని అభిప్రాయము గోరుట తప్పు కాదు.

రెండవది, కాలము. పరీక్షలు, పెండ్లి, కానుపు, ఇంట మరణము, ఉద్యోగపు మార్పు ఉన్న నెలలలో మొదలిడరాదు. మూడవది, వేగము. ఒక్కొక్క మెట్టు దిగి, కొన్ని వారములు నిలిచి, కుదురుగ నున్నచో తరువాతి మెట్టు దిగవలెను. కష్టమైనచో వైద్యుని యడిగి ఒక మెట్టు పైకి పోవుట ఓటమి కాదు. రెండు మూడు మందులున్నచో ఒక్కొక్కటిగ తగ్గింపవలెను. దినము విడిచి దినము మాత్ర వేసికొనుట తగ్గించుట కాదు. త్వరగ వెలువడు మందులతో అది బాధలనే పెంచును.

నాల్గవది, గుర్తులు. ప్రతి రోగికిని రోగము తిరుగబెట్టుటకు ముందు సొంత సూచనలుండును. ఒకరికి నిద్ర తగ్గును. ఒకరు స్నానము మానుదురు. ఒకరు రాత్రివేళ డబ్బు లెక్కలు మొదలిడుదురు. ఒకరికి ఇరుగుపొరుగు తమ్మునే చూచి నవ్వుచున్నట్లు తోచును. కుదురుగా నున్న దినములలోనే రోగియు ఇంటివారును కూర్చుండి ఈ సూచనలను కాగితముపై వ్రాసికొని, ఏది కనబడినచో ఎవరు వైద్యుని పిలువవలెనో నిర్ణయించుకొనవలెను. చివరి మాత్ర మానినపిదపను ఏడాదియైనను ఈ కావలి యుండవలెను. ఆత్మహత్య మాట వినబడినచో ఎదురుచూడక ఆ దినమే వైద్యశాలకు కొనిపోవలెను.

చట్టము, భాష

2017లో చేయబడి 2018లో అమలునకు వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఈ విషయమున రోగికి స్థానమిచ్చినది. తన వ్యాధిని, మందును, దాని దుష్ఫలితములను గూర్చి తెలిసికొను హక్కు రోగికి కలదు. బుద్ధి నిలుకడగ నున్నకాలమున, మునుముందు తనకు వ్యాధి వచ్చినచో ఏ చికిత్స కావలెనో, ఏది వలదో ముందుగనే వ్రాసియుంచవచ్చును. తన పక్షమున మాటలాడుటకు నమ్మినవారిని నియమించుకొనవచ్చును. మందు మానదలచినవారు అట్టి పత్రమును ముందుగ వ్రాసియుంచుట ఇంటివారికిని ధైర్యమునిచ్చును.

తుదకు భాష. బెంగళూరునను, మదరాసునను, కటకమునను, పూనాలోను వైద్యునితో ఆయా ప్రాంతభాషలో మాటలాడుట మనవారికి అలవాటే. కాని అంగడిలో బేరమాడు భాష వేఱు. గుండె గుబులు చెప్పుకొను భాష వేఱు. ఇంటి తెలుగులోనే దుఃఖించి, ఇంటి తెలుగులోనే భ్రమపడు ముదుసలి తల్లి కన్నడమునగాని ఒడియాలోగాని "బాగున్నాను" అని ముగించును. ఆ మాట నమ్మి మోతాదు తగ్గించిన వైద్యునిది తప్పు కాదు. ఇంటిలో ఒకరు వెంటనుండి ఆమె మాటను అనువదింపవలెను. సూచనల కాగితము తెలుగునను ప్రాంతభాషయందును ఉండవలెను. 2022 అక్టోబరున కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి, ఏ రాష్ట్రముననున్నను తెలుగు నడుగవచ్చును.

మందు మాని సుఖముగ నున్నవారు కలరు. మందు వాడుచునే సుఖముగ నున్నవారును కలరు. మొదటివారు గొప్పవారును కారు, రెండవవారు తక్కువవారును కారు. ఒడ్డు చేరినదో లేదో లోతు చూచుకొనుచు, చేయి పట్టుకొనువారు ప్రక్కనుండగా, అడుగడుగుగా ఓడ దిగవలెను. కాలికి నేల తగులనిచో మరల ఓడ యెక్కుటలో సిగ్గుపడవలసినదేమియు లేదు.